దుకాణం పేరూ, తొమ్మిది లెక్కా

మన ఊళ్ళలో ఏ బజారులోనైనా బోర్డులు చదువుకుంటూ ఒక ఫర్లాంగు నడవండి. తెలుగులో రాసిన పేరు మామూలుగానే ఉంటుంది. దాని కింద ఇంగ్లీషులో రాసిన అదే పేరులో మాత్రం అక్షరాలు ఉబ్బిపోయి కనిపిస్తాయి. 'సాయి'లో ఏలు మూడు. 'శ్రీ'లో ఈలు మూడు. 'రాజు' చివర ఎక్కడి నుంచో వచ్చి చేరిన ఒక హెచ్. ఇది పెయింటరు చేసిన తప్పు కాదు. డబ్బిచ్చి చేయించుకున్న తప్పు.

ఎందుకయ్యా అని అడిగితే "న్యూమరాలజీ ప్రకారం పెట్టించాం, మన ప్రాచీన శాస్త్రం కదండీ" అంటారు. ఇందులో రెండు వాదాలున్నాయి. ఒకటి, ఇది ప్రాచీనమైనదీ, మనదీ అని. రెండు, ఇది పనిచేస్తుందని. రెండింటినీ విడివిడిగా చూద్దాం.

నేను బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి రిటైరైన మనిషిని. నక్షత్రాల సంగతి నాకు తెలియదు గానీ కూడికల సంగతి తెలుసు. న్యూమరాలజీ అంటే అక్షరాలకు అంకెలిచ్చి కూడటమే కనుక, దాన్ని ఆడిట్ చేసే అర్హత ఒక లెక్కల ఉద్యోగికి ఉందనే అనుకుంటాను.

వ్యాపారాలకు పేర్లు ఎలా వచ్చాయి?

పాతకాలంలో వ్యాపారం పేరంటే యజమాని పేరే. హుండీ మీద ఎవరి పేరుందో చూసి డబ్బిచ్చేవారు. పేరే పరపతి. అందుకే కొడుకులూ, తమ్ముళ్ళూ వ్యాపారంలోకి వస్తే 'అండ్ సన్స్', 'బ్రదర్స్' అని చేర్చారు తప్ప పేరు మార్చలేదు. పేరు మారిస్తే అప్పు పుట్టదు! టాటా, గోద్రెజ్ అనేవి ఇంటిపేర్లు. చెకోస్లొవేకియా నుంచి వచ్చి 1931లో మన దేశంలో స్థిరపడిన బాటా కూడా ఇంటిపేరే. మనలో చాలామంది అది భారతీయ కంపెనీ అనే అనుకుంటూ పెరిగాం.

తర్వాత జాతీయోద్యమ కాలం వచ్చింది. పేరుకు ఇంకో పని పడింది. మనం ఎవరమో చెప్పుకోవడం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో బ్యాంకు పెట్టినప్పుడు దానికి 'ఆంధ్రా బ్యాంకు' అని పేరు పెట్టారు. అప్పటికి ఆంధ్ర అనే రాష్ట్రమే లేదు. ఆ పేరు ఒక కోరిక, ఒక వాదన. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు ఎంతోమంది బాధపడింది ఆ పేరు పోయినందుకే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో తలనొప్పి మందు మొదలుపెట్టి 'అమృతాంజనం' అన్నారు. వినగానే అర్థమయ్యే రెండు మాటలు కలిపారు. ఆ డబ్బాలు అమ్మిన లాభంతోనే ఆంధ్రపత్రిక నడిపారు. ఏ అంకెలు కూడి ఆ పేరు పెట్టలేదు. ఎలా పెడతారు? ఆ అంకెల పుస్తకం అప్పటికి అచ్చుకాలేదు. ఆ సంగతి ముందుకు వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి పేర్లు చూడండి. 1945లో వంటనూనె వ్యాపారంగా మొదలైన 'వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రోడక్ట్స్' పొడుగు పేరును కత్తిరిస్తే వచ్చింది విప్రో. 1952లో మొదలైన 'లాక్మే' ఒక ఫ్రెంచి సంగీత నాటకం పేరు. ఆ నాటకంలోని లాక్మే మన లక్ష్మే. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో సబ్బుపొడి తయారుచేసి సైకిలు మీద అమ్ముతూ, కూతురు నిరుపమ పేరు మీద 'నిర్మా' అని పెట్టుకున్నాడు. ప్రతి పేరు వెనకా ఒక మనిషో, ఊరో, సరుకో ఉంది.

ఈ చరిత్రలో చీకటి కోణం కూడా ఉంది. దక్షిణాదిలో చాలాకాలం హోటలు బోర్డు మీద మొదట కనపడేది కులం. 'బ్రాహ్మణ భోజన హోటల్' అంటే ఎవరు వండుతారో, ఎవరు లోపలికి రావచ్చో చెప్పే బోర్డు. మాంసం వడ్డించే చోటు 'మిలిటరీ హోటల్' అయింది. మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద బ్రాహ్మణ అనే మాట తీసేయాలని 1957లో పెరియార్ ఆధ్వర్యంలో ద్రవిడ కళగం వాళ్ళు పికెటింగు చేశారు. వరసగా అరెస్టులయ్యారు. చివరికి ఆ మాట పోయింది. ఇదంతా గడిచిపోయిన కథ అనుకునేలోపు, 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో తినుబండారాలమ్మే వాళ్ళు తమ పేర్లు బయట రాసిపెట్టాలని పోలీసులు ఆదేశించారు. ఏ మతం వాడి చేతి తిండో తెలియాలట! ఏ ఆహారం అమ్ముతున్నారో రాస్తే చాలు, యజమాని పేరు రాయమని బలవంతం చేయరాదని సుప్రీంకోర్టు ఆ నెల 22న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

అంటే దుకాణం పేరుకు నిజంగానే బలం ఉంది. ఆ బలం అంకెల్లో లేదు, మనుషుల బుర్రల్లో ఉంది. పేరు చూసి అప్పిచ్చారు, పేరు చూసి లోపలికి రానివ్వలేదు, పేరు చూసి గర్వపడ్డారు.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 58వ సెక్షన్‌లో క్రౌన్, ఎంపరర్, కింగ్, క్వీన్, రాయల్ వంటి మాటలు ప్రభుత్వ అనుమతి లేకుండా ఫర్మ్ పేరులో వాడకూడదని రాసుంది. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం మహాత్మా గాంధీ వంటి పేర్లను వ్యాపారానికి వాడుకోవడం నిషేధించింది. జనం మోసపోతారనే కారణంతోనే ఈ నిషేధాలు. ఎనిమిది వచ్చే పేరు పెట్టకూడదని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఆ అంకెలు ఎక్కడివి?

మన దేశంలో న్యూమరాలజిస్టులు ఎక్కువగా వాడే పట్టికను 'కాల్డియన్ పద్ధతి' అంటారు. దాన్ని లోకానికి చాటినవాడు కీరో. అసలు పేరు విలియం జాన్ వార్నర్. 1866లో ఐర్లండులో పుట్టాడు. కౌంట్ లూయీ హామన్ అని ఒక పేరు, కీరో అని ఇంకో పేరు పెట్టుకున్నాడు. గ్రీకులో చెయ్యి అనే మాట నుంచి తీసిన పేరది. హస్తసాముద్రికంతో లండన్‌లో పేరు, డబ్బు సంపాదించి 1936లో హాలీవుడ్‌లో చనిపోయాడు. ఆయన అంకెల పుస్తకం వచ్చింది 1926లో. అమృతాంజనం పుట్టిన 33 ఏళ్ళకు, ఆంధ్రా బ్యాంకు పుట్టిన మూడేళ్ళకు. యవ్వనంలో కొంకణ ప్రాంతంలో బ్రాహ్మణుల దగ్గర విద్య నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. అందుకు సాక్షి ఆయనే.

కాల్డియన్లంటే బాబిలోనియా వాళ్ళు. ఇప్పుడు మామూలు బుద్ధితో ఆలోచించండి. బాబిలోనియా వాళ్ళు మట్టి పలకల మీద మేకుల్లాంటి గుర్తులతో రాశారు. అక్షరమాల కాదది. అక్షరాలనూ, పూర్తి మాటలనూ సూచించే కొన్ని వందల గుర్తులు. కీరో పట్టికలో ఉన్నవి 26 ఇంగ్లీషు అక్షరాలు. అందులో జె అనే అక్షరాన్ని ఐ నుంచి వేరుచేసి వాడటం యూరప్‌లో 16, 17 శతాబ్దాల్లో స్థిరపడింది. డబ్ల్యు మధ్యయుగాల్లో పుట్టింది. వేల ఏళ్ళ కిందటి బాబిలోనియా పండితుడు డబ్ల్యుకి 6, జెకి 1 అని ఎలా నిర్ణయించాడు?

ఇంకా ఉంది. మొత్తాన్ని విడగొట్టి తొమ్మిదికి మించని ఒక్క అంకెకు తెచ్చుకోవడం పదుల లెక్కను బట్టి వచ్చిన పద్ధతి. బాబిలోనియా వాళ్ళది అరవైల లెక్క. గంటకు 60 నిమిషాలు వాళ్ళిచ్చిన ఆస్తే. అంటే అక్షరాలు వాళ్ళవి కావు, అంకెల పద్ధతీ వాళ్ళది కాదు. పేరు మాత్రం వాళ్ళది.

ఇంకో పద్ధతిని 'పైథాగరస్ పద్ధతి' అంటారు. అందులో ఏ నుంచి వరసగా 1, 2, 3 అని తొమ్మిది దాకా ఇచ్చి మళ్ళీ మొదలుపెడతారు. ఇదీ ఇంగ్లీషు అక్షరమాలే. పైథాగరస్ గ్రీకువాడు! పోనీ ఈ రెండు పద్ధతులూ ఒకే జవాబు చెబుతాయా? 'రామ' అనే పేరు చూడండి. కీరో పట్టికలో ఆర్ 2, ఏ 1, ఎం 4, ఏ 1, మొత్తం 8. శని అంకె అని న్యూమరాలజిస్టులు భయపెట్టేది దీన్నే. రెండో పద్ధతిలో ఆర్ 9, ఏ 1, ఎం 4, ఏ 1, మొత్తం 15, అంటే 6. ఒకే పేరు ఒక గదిలో శని, పక్క గదిలో శుక్రుడు. ఒకే బిల్లుకు ఇద్దరు గుమాస్తాలు రెండు మొత్తాలు చెబితే మా ఆఫీసులో ఆ బిల్లు ఆగిపోయేది.

మన సొంత లెక్క ఒకటుంది

అక్షరాలకు అంకెలిచ్చే పద్ధతి మనకు లేదా అంటే, ఉంది. కటపయాది. క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి 1తో మొదలుపెట్టి లెక్కించే పద్ధతి. 7వ శతాబ్దం నాటికే కేరళ ఖగోళ గణితజ్ఞులు వాడారు. గ్రహాల లెక్కల్లోని పెద్ద పెద్ద సంఖ్యలను గుర్తుపెట్టుకోవడానికి వాటిని మాటలుగా మార్చేవారు. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్తల పేర్లలోనూ ఇదే ఉంది. శంకరాభరణానికి ముందు 'ధీర' చేర్చారు. ధ అంటే 9, ర అంటే 2, వెనక నుంచి చదివితే 29. అది 29వ మేళకర్త. కల్యాణికి ముందు 'మేచ' చేర్చారు. మ 5, చ 6, వెనక నుంచి 65. అది 65వది.

గమనించండి, ఇక్కడ కూడా అంకె కోసం పేరు మార్చారు. కానీ ఎందుకు? రాగానికి అదృష్టం పట్టాలని కాదు. దాని వరస సంఖ్య పేరులోనే దొరకాలని. మా లెక్కల శాఖలో ఖర్చుల పద్దులకు కోడ్ నంబర్లు ఉంటాయి, అలాంటిదే ఇది. జ్ఞాపకం కోసం చేసిన తెలివైన ఏర్పాటు. ఇంతటి పనిముట్టు ఇంట్లో పెట్టుకుని, ఐర్లండు నుంచి వచ్చిన పట్టికను ప్రాచీన భారతీయ శాస్త్రం అంటున్నాం!

పంచాంగం చూసి నక్షత్రపాదాన్ని బట్టి మొదటి అక్షరం పెట్టే ఆచారం మనదే. కానీ దాని తర్కం కూడా చూడండి. ఆర్ద్రకు చెప్పిన అక్షరాల్లో 'ఙ' ఉంది. హస్తకు చెప్పిన వాటిలో 'ణ' ఉంది. వీటితో మొదలయ్యే తెలుగు పేరు ఒక్కటి చెప్పండి. పురోహితుడు అక్కడ వేరే అక్షరం సర్దుతాడు. సర్దుకోగలిగేది శాస్త్రం ఎలా అవుతుంది?

తొమ్మిది గుట్టు

లెక్కల పుస్తకాలు రాసినవాళ్ళకు ఒక పాత చిట్కా తెలుసు. ట్రయల్ బ్యాలెన్స్ కలవక, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చని ముందుగా అనుమానిస్తాం. 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900. ఏ సంఖ్యలోనైనా అంకెలన్నీ కూడి ఒక్క అంకెకు తెస్తే వచ్చేది ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషమే (శేషం సున్నా అయితే 9 అంటాం). అంకెల వరస మారినా శేషం మారదు. అందుకే తొమ్మిది లెక్కతో సరిచూసుకునే గుమాస్తాకు తారుమారు తప్పు దొరకదు.

న్యూమరాలజీ చేసేది సరిగ్గా ఈ తొమ్మిది లెక్కే. కనుక దానికీ వరస కనబడదు. 'రామ'లోని అక్షరాలే 'మార'లోనూ ఉన్నాయి. రెండింటికీ 8. రాముడికీ, బుద్ధుణ్ణి చెడగొట్టాలని చూసిన మారుడికీ ఈ శాస్త్రంలో తేడా లేదు. కటపయాదిలో మాత్రం రామ 52, మార 25. మన పాత పద్ధతి వరసను గుర్తిస్తుంది, అరువు తెచ్చుకున్న పద్ధతి గుర్తించదు.

ఇది సరదా ఉదాహరణే అంటారా? అయితే డబ్బుతో ముడిపడిన ఉదాహరణ చూడండి. సత్యం కంప్యూటర్స్. 1987లో హైదరాబాదులో పుట్టింది. తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకున్న కంపెనీ. 'సత్యం'కి కీరో పట్టికలో ఎస్ 3, ఏ 1, టి 4, వై 1, ఏ 1, ఎం 4, మొత్తం 14. అంటే 5. బుధుడి అంకె, వ్యాపారానికి దివ్యమైనదని న్యూమరాలజిస్టులు చెప్పే అంకె. ఆ పేరును ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే 'మేటాస్'. అవే అక్షరాలు, అదే 14. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించాలని చూసి, వాటాదారులు గోల చేస్తే గంటల్లో విరమించుకున్నారు. 2009 జనవరి 7న అసలు లెక్క బయటపడింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని సంస్థ అధినేతే రాసిచ్చాడు. 2013 నాటికి సత్యం అనే కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది.

ఇప్పుడు 'అమూల్' చూడండి. ఏ 1, ఎం 4, యు 6, ఎల్ 3. మొత్తం 14! విడి అంకే కాదు, మొత్తం కూడా అదే. 1946లో ఆనంద్‌లో పుట్టిన పాల రైతుల సహకార సంఘం సరుకు పేరది. ఇవాళ్టికీ నిలబడి ఉంది. ఒకే 14. ఒకచోట రైతుకు పాల డబ్బు, ఇంకోచోట వాటాదారుకు గుండెపోటు. తేడా పేరులో లేదు, పుస్తకాల్లో ఉంది. 'శని' అంకె 8 వచ్చే బాటా 1894లో పుట్టి ఇప్పటికీ చెప్పులమ్ముతూనే ఉంది. 'చెడ్డ' అంకె 4 వచ్చే నిర్మా పెద్ద కంపెనీలకే చెమటలు పట్టించింది.

వెంటనే ఒక సమాధానం వస్తుంది. "పేరు ఒక్కటే కాదండీ, యజమాని పుట్టిన తేదీతో కుదరాలి" అని. నా చేతి మీదుగా ఎన్నో పెన్షన్ కాగితాలు వెళ్ళాయి. పుట్టిన తేదీ గడిలో ఎంతమందికి జూలై 1 ఉండేదో చెబితే ఆశ్చర్యపోతారు. బడిలో చేర్చుకునే రోజున పంతులుగారు రాసేసిన తేదీ అది. ఒక తరం మొత్తానికి జాతకాలు రాసింది గ్రహాలు కాదు, ప్రాథమిక పాఠశాల పంతుళ్ళు. పైగా లక్షలమంది పాల రైతుల సంఘానికి ఎవరి పుట్టిన తేదీ తీసుకోవాలి?

"నష్టం ఏముంది సార్?"

మా కాలనీలో ఒక మాజీ సైనికుడున్నాడు. హవల్దారుగా రిటైరై, పెన్షన్ కమ్యూటేషన్ డబ్బుతో కిరాణా, జనరల్ స్టోర్సు పెట్టాడు. కూతురి పేరు పెట్టుకున్నాడు, బాగుంది. బోర్డు రాయించాక ఎవరో చెప్పారని న్యూమరాలజిస్టు దగ్గరికి వెళ్ళాడు. ఇంగ్లీషులో ఒక ఏ, ఒక హెచ్ కలపమన్నాడాయన. ఫీజు 5,100. నా దగ్గరికి జీఎస్టీ కాగితాల కోసం వచ్చినప్పుడు నేను మొహం చిట్లించాను. "పోనీండి సార్, నమ్మితే ఒక ధైర్యం. నష్టం ఏముంది?" అన్నాడు.

సరే, నష్టం లెక్కేద్దాం బాబూ అని కాగితం తీశాను. ఫీజు 5,100. కొత్త బోర్డు 9,000. అచ్చయిన బిల్లు పుస్తకాలు, సంచులు పారేసినందుకు 3,500. రబ్బరు స్టాంపులు 400. మొత్తం 18,000. నెలకు అతనికి మిగిలేది పదిహేను వేలు. అంటే నెల పైన ఆరు రోజుల కష్టం రెండు అక్షరాలకు పోయింది. ఇది కంటికి కనబడే నష్టం.

కనబడనిది ఇంకోటుంది. బ్యాంకు కరెంటు ఖాతా పాత స్పెల్లింగుతో ఉంది. బిల్లులు కొత్త స్పెల్లింగుతో ఉన్నాయి. మా ఆఫీసులో ఇలాంటివి ఎన్ని చూశానో! సరఫరా చేసిన చిన్న కాంట్రాక్టరు బిల్లు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఒక అక్షరం తేడాతో ఇంకో పేరు. బిల్లు అభ్యంతరంతో వెనక్కి వెళ్ళేది. మనిషి నెలల తరబడి తిరిగేవాడు. చేతిలో రొక్కం ఆగితే చిన్న వ్యాపారి ఊపిరి ఆగినట్టే. అప్పుడతను గ్రహాలు బాగాలేవని ఇంకో న్యూమరాలజిస్టు దగ్గరికి వెళ్ళేవాడు. దోషం గ్రహాలది కాదు, అదనపు హెచ్‌ది!

అతను కాసేపు కాగితం వంక చూసి, బోర్డు అలాగే ఉంచి, ఖాతాలో పేరు మార్పించుకుంటానన్నాడు. బోర్డు ఇంకా అలాగే ఉంది. దుకాణం బాగానే నడుస్తోంది. తెల్లారి అయిదున్నరకి పాల ప్యాకెట్లు పెడతాడు, తూకం సరిగా ఉంటుంది, అందుకని. ఆ పేరు మాత్రం తన వల్లే నడుస్తోందని న్యూమరాలజిస్టు లెక్కలో జమైంది.

అసలు కిటుకు ఇదే. తొమ్మిది అంకెల్లో మూడు మంచివంటే, ఊళ్ళో మూతపడిన దుకాణాల్లో కూడా ఇంచుమించు మూడో వంతుకు మంచి అంకే ఉంటుంది. కానీ మూతపడిన దుకాణం బోర్డు దించేస్తారు. వీధిలో మనకు కనబడేవి నిలబడినవే. నిలబడిన వాటిని చూపించి శాస్త్రం అంటారు. దించేసిన బోర్డులు లెక్కించినవాడు లేడు.

మరి పేరు ఎలా పెట్టాలి?

చరిత్ర చెప్పే పాఠాలు చాలా మామూలువి. ఫోనులో ఒకసారి చెబితే అవతలివాడికి అర్థమయ్యే పేరు పెట్టండి. మీ సరుకో, మీ ఊరో, మీ మనిషో అందులో ఉంటే మంచిది. వీధికి ముగ్గురు శ్రీ వెంకటేశ్వరలు ఉంటే నాలుగో వాడు కాకండి. పార్శిలు పక్క దుకాణానికి పోతుంది. అందరిదీ అయిన పేరును మీ ఒక్కరి సొత్తు చేసుకోవడమూ కష్టం. అగరువత్తులకు 'రామాయణ్' అనే పేరును ట్రేడ్‌మార్కుగా ఒకరికి కట్టబెట్టడం కుదరదని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. పేరు ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీలో వెతకండి, డబ్బేమీ పట్టదు. బోర్డు మీద కులాన్ని రాయకండి. ఒక్కసారి నిర్ణయించాక బ్యాంకు, జీఎస్టీ, బిల్లు, బోర్డు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగు ఉంచండి.

ఇవన్నీ చేసినా దుకాణం నడుస్తుందని హామీ లేదు. ఎదురుగా పెద్ద మాల్ రావచ్చు, రోడ్డు వెడల్పు చేయవచ్చు, అప్పు పెట్టినవాళ్ళు ఎగ్గొట్టవచ్చు. ఈ భయమే న్యూమరాలజిస్టుకు పెట్టుబడి. జీవితకాలపు పొదుపంతా ఒక గదిలో సరుకుగా మార్చి కూర్చున్నవాడికి భయం వేయడం తప్పు కాదు. ఆ భయాన్ని 5,100కి అమ్మేవాడిది తప్పు. ఆ డబ్బుతో ఒక మంచి తూకం యంత్రం వస్తుంది. అది చూపించే అంకె నిజం.